పలకల షెడ్డు మీద పాటల గది

ఆ రోజుల్లో నాకు ఇరవై నాలుగేళ్ళు. నాకు తెలియని సంగతి లోకంలో ఏదైనా ఉంటే దాన్ని ఇంకా ఎవరూ కనిపెట్టి ఉండరని నమ్మే వయసు అది. మార్కాపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరి ఏడాది కూడా కాలేదు. జీతం చిన్నదే గాని, దాంతోపాటు ఉచితంగా వచ్చిన గర్వం మాత్రం రెండు చేతులతో మోసుకు తిరగాల్సినంత ఉండేది. కొత్త ఉద్యోగంలో మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టడం మామూలే. మా స్టాఫ్ రూములో లెక్కల సారుకు బైకుల పిచ్చి, తెలుగు సారుకు ఇళ్ళ స్థలాల పిచ్చి. వాళ్ళ పిచ్చి తలకెక్కింది, నాది చెవికెక్కింది, అంతే తేడా. (తలకెక్కింది ఎప్పుడో ఒకప్పుడు దిగుతుందని ఆశ ఉంటుంది. చెవిలో దూరింది బయటికి రావాలంటే నూనె పోయాలి.)

నా చెవిలో దూరినవి ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు. మామూలు స్పీకరులో గరాటులాంటి అట్ట ఒకటి ముందుకూ వెనక్కూ ఊగి పాట వినిపిస్తుంది. వీటిలో గరాటు ఉండదు. రెండు చిల్లుల రేకుల మధ్య ఉల్లిపొరకన్నా పలచని తెర ఒకటి బిగించి, దాని మీద కొన్ని వేల వోల్టుల విద్యుత్తు నిలిపి ఉంచుతారు. తెర మొత్తం వణికి, ముందు వైపూ వెనక వైపూ కూడా పాట పలుకుతుంది. చూడటానికి తలుపు రెక్కల్లా ఉంటాయి. వాటితో వింటే పాడేవాడు స్వయంగా వచ్చి మన ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుందని ఫోన్లో చదివాను. చదవడమూ వినడమూ ఒకటే అనుకొని కాలేజీలో నలుగురికీ ఆ అనుభవాన్ని వర్ణించి చెప్పాను కూడా. కొత్తవాటి ధర చూశాక ఫోను బోర్లా పెట్టి, చెంబెడు మంచినీళ్ళు తాగి, ఎవరైనా వాడి వదిలేసినవి దొరుకుతాయేమోనని వెతకడం మొదలుపెట్టాను.

స్పీకర్లు తర్వాత, ముందు వాటికి గది కావాలి. మాకు ఊరి చివర పలకల షెడ్డు ఉంది. గనుల నుంచి వచ్చిన రాతిని కోత మిషను మీద పలకలుగా కోయించి, అంచులు అరగదీయించి, పెట్టెలకెత్తించి పంపడం నాయన పని. షెడ్డును ఆనుకొని ఇల్లు, షెడ్డు నెత్తిన ఒక గది. ఆ గదిలో విరిగిన చెక్కలూ, గోనె సంచులూ, మా తాత వాడిన ఒక ముక్కాలి పీటా తప్ప ఏమీ ఉండేవి కావు. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

“నాయనా, పైగది నాకు కావాల.”

“దేనికిరా?”

“పాటలు వినేదానికి.”

“దానికి గదేంది? చెవులు చాలవా?”

నేను ధ్వనిశాస్త్రం మీద పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. నాయన ఆవలించకుండా విన్నాడు (అది ఆయన పెద్దరికం). చివరికి అన్నాడు: “రెణ్ణెల్ల తర్వాత పెద్ద లోడు పోవాల. పెట్టెలు పేర్చుకునేదానికి నాకు ఆ గదే దిక్కు. ఈలోపల నీ పాటల గది ఏందో నాకు చూపి. ఇనబుద్ధయితే నీది. ల్యాకుంటే పెట్టెలది.”

పెళ పెళ మోగే కోత మిషను పక్కన పాతికేళ్ళుగా నిలబడిన మనిషి ఆయన. ఆ మోతకు అలవాటు పడి ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరిదాకా వినపడేట్టు అడిగేవాడు. పరీక్ష పెట్టేవాడికే చెవులు అంతంత మాత్రమైతే తప్పడానికి ఇంక వీలేముంటుందని నేను లోలోపల నవ్వుకున్నాను.

వెతగ్గా వెతగ్గా స్పీకర్లు దొరికింది ఏ మహానగరంలోనో కాదు, గిద్దలూరులో. అక్కడ రిటైరైన పశువుల డాక్టరు గారు ఒకాయన ఉన్నారు. ఊళ్ళోవాళ్ళ మాటలో ఆయన గొడ్ల డాక్టరు. ఉద్యోగమంతా బర్రెల గుండె చప్పుడు విన్న చెవులకు విశ్రాంతి ఇవ్వడం ఇష్టంలేక సంగీతం మీద పడ్డారట. ఆయన దగ్గర రెండు జతల ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు ఉన్నాయి. అందులో ఒక జత అమ్ముతారు. ఏ జత అన్నది కొనేవాడి ఇష్టం. ఆదివారం నాడు షెడ్డు ట్రాలీ ఆటోలో వరిగడ్డీ, గోనె సంచులూ పరుచుకొని బయల్దేరాం. ఆటో తోలింది నాయనే. నా ఒళ్ళో ఒక నోటు పుస్తకం, అందులో డాక్టరు గారిని అడగడానికి ఇరవై రెండు ప్రశ్నలు. కంభం దాటేదాకా వాటిని బట్టీపడుతూనే ఉన్నాను.

డాక్టరు గారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. “ఏం బాబూ, నువ్వేనా ఫోను చేసింది? రా నాయనా. అన్నా, మీరూ రాండి, కూచోండి.” హాల్లో అడుగుపెట్టగానే నాయన చుట్టూ చూసి, తన మామూలు గొంతుతోనే, అంటే వీధంతా వినపడేట్టు, అడిగాడు: “ఏందన్నా, తలుపులన్నీ ఊడదీసి నట్టింట్లో నిలబెట్టుకున్నారు?”

నేను తలొంచుకున్నాను. డాక్టరు గారు మాత్రం పడీపడీ నవ్వారు. “మా ఇంటామె గూడా ఇదే మాట అనిందన్నా. రెండు జతలు ఇవి, ఒక జత మేము. మూడు జతలకు ఇల్లు చాలదు, ఏ జతను ఎలగొడతావో తేల్చుకో అనింది. అందుకే ఈ అమ్మకం.”

పెద్ద జత నాకంటే జానెడు ఎత్తు. నల్లగా, సన్నగా, దర్జాగా నిలబడి ఉన్నాయి. చిన్న జత నడుము ఎత్తు, చెక్క అంచుల రంగు అక్కడక్కడా పోయింది, ఒకదానికి కాలి కింద మడతపెట్టిన అట్టముక్క. ముందు చిన్నవాటి మీద ఒక వేణువు కచేరీ పెట్టారు. రెండు నిమిషాలు గడిచాయో లేదో, నాయన కుర్చీలో ముందుకు వంగాడు. “ఒరేయ్, ఊపిరి తీసుకుంటుండాడురా ఆయన!” అన్నాడు. నిజంగానే స్వరానికీ స్వరానికీ మధ్య వేణువు వాయించే మనిషి గాలి పీల్చుకోవడం వినబడుతోంది. నేను మాత్రం నోటు పుస్తకంలో తొమ్మిదో ప్రశ్న వెతుక్కునే పనిలో ఉన్నాను.

తర్వాత పెద్దవి మోగించారు. అప్పుడు నాయన చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది. మా షెడ్డులో ప్రతి పలకా పెట్టెలోకి పోయేముందు ఆయన వేలి కణుపు దెబ్బ ఒకటి తినాల్సిందే. మంచి పలక ఖంగుమంటుంది. కంటికి కనపడని బీట ఉన్నది డొల్లగా మోగుతుంది, పక్కకు పోతుంది. పలికితేనే పలక, లేకపోతే వట్టి రాయి అంటాడు. ఆ అలవాటు చొప్పున లేచి, తిన్నగా ఎడమ స్పీకరు దగ్గరికి పోయి, వేలు మడిచి ఎత్తాడు.

“అన్నా! కొట్టొద్దు! వేల వోల్టులుంటాయి దాంట్లో!” అని డాక్టరు గారు కేక పెట్టారు. నాయన వేలు గాల్లోనే ఆగింది. “స్పీకరుకు గూడా కరెంటు పెడతారా!” అని ఆశ్చర్యపోయి, చేతులు వెనక్కి కట్టుకొని, చెవి మాత్రం దగ్గరగా పెట్టి విన్నాడు. కుడిదాని దగ్గరా విన్నాడు. మళ్ళీ ఎడమదాని దగ్గరికొచ్చాడు. “దీంట్లో ఏదో బీట ఉందిరా. దానంత పలకడం ల్యా.”

“అది పలక కాదు నాయనా, ఊరుకో” అని పళ్ళ సందున కసిరాను. డాక్టరు గారు “బాబూ, ఆ ఎడమదానికి కొంచెం…” అని మొదలుపెట్టబోయారు. నేను వెంటనే “సార్, దీని ఇంపీడెన్సు ఎంత?” అన్నాను. ఆయన నోరు తెరిచినప్పుడల్లా నేను ఇంకో ప్రశ్న వేశాను. చివరికి ఆయన నోరు మూసుకున్నారు. నేను పుస్తకం మూసి, పెద్ద జతే తీసుకుంటానని ప్రకటించాను. కారణాలు తొమ్మిది చెప్పాను. అసలు కారణం పదోది, అది చెప్పలేదు. నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. నాదంటూ ఒక పొడుగాటి వస్తువు ఉండాలని చిన్నప్పటి నుంచీ కోరిక.

“గది ఎట్లుంది బాబూ?” అన్నారు డాక్టరు గారు. “దుమ్ము ఉండకూడదు. తెర మీద ఎప్పుడూ కరెంటు ఉంటది గదా, దుమ్మును లాక్కుంటది. తేమ అసలే పడదు.”

“తెలుసు సార్. నేను ఫిజిక్స్ లెక్చరర్‌ని.”

“దుమ్మంటే అన్నా, మా గది…” అని నాయన ఏదో చెప్పబోతుంటే నేను ఆయన కాలు తొక్కాను. డాక్టరు గారు తొక్కిన కాలు వైపూ, నా మొహం వైపూ చూశారు. “సరే, తీసకపో. నెల తర్వాత నేనొచ్చి చూస్తా. నేనిచ్చిన పసరం మేపు సరిగ్గా ల్యాకుంటే నీ దుడ్లు నీకిచ్చి వెనక్కి తోలకపోతా. ఇష్టమేనా?” అన్నారు. ఇష్టమే అన్నాను. పేరున్న ఫిజిక్స్ లెక్చరర్‌కి పశువుల డాక్టరు పరీక్ష ఒక లెక్కా!

స్పీకర్లు పైగదికి చేరాయి. చోటు కలిసొస్తుందని గోడకు ఆనించి నిలబెట్టాను. ఆంప్లిఫయరుకు పెన్‌డ్రైవ్ గుచ్చి, వేణువు పెట్టుకొని కళ్ళు మూసుకున్నాను. ఫోన్లో చదివిన ఆనందమంతా వచ్చేసిందని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. నాలుగో రోజు కాలేజీ నుంచి వచ్చి చూస్తే రెండు స్పీకర్లూ గోడ నుంచి మూడడుగులు ముందుకొచ్చి నిలబడి ఉన్నాయి. వెనక్కి నెట్టాను. మర్నాడు మళ్ళీ ముందుకొచ్చాయి. మళ్ళీ నెట్టాను. వారం రోజులు ఇదే వరస.

“అమ్మా, ఊడ్చేటప్పుడు వాటిని జరపొద్దని ఎన్నిసార్లు చెప్పాల?”

“నేనేడ జరిపినాన్రా? వాటిని చూస్తేనే నాకు బయం. కరెంటు దయ్యాలు రెండు నిలబడినట్టుంటాయి. నేను ఆ గదిని గడప కాడి నుంచే ఊడుస్తుండా.”

అమ్మ అబద్ధమాడుతోందని నిశ్చయించుకున్నాను. (భౌతికశాస్త్రం తెలిసినవాడికి దయ్యాల మీద అనుమానం రాదు, తల్లి మీదే వస్తుంది.)

మూడో వారంలో అసలు కష్టం మొదలైంది. పాట వెనకాల ఎవరో పెనంలో పల్లీలు వేయిస్తున్నట్టు చప్పుడు. ఎడమ స్పీకరు గొంతు రోజురోజుకూ పీలబోతోంది. కింద మిషను తిరిగినంతసేపూ పలకరాతి పొడి కిటికీల సందుల్లోంచి మెత్తగా లోపలికొస్తోంది. కిటికీలు బిగించాను, ఆగలేదు. సందుల్లో కాగితాలు కుక్కాను, ఆగలేదు. డాక్టరు గారు వచ్చే రోజు దగ్గరపడుతోంది. ఆయన స్పీకర్లు తోలుకుపోతే నాయన పెట్టెలు ఎక్కిస్తాడు. అప్పుడు నేను చేసింది మా ఊళ్ళో పుట్టినవాడు తప్ప ఇంకెవరూ చేయని పని. పలకల షెడ్లలో దుమ్ముకు తరతరాలుగా ఒకటే మందు, నీళ్ళు. షెడ్డులో నేల మీద నీళ్ళు చల్లుతారు, ద్వారానికి తడి గోనె పట్టాలు కడతారు. నేనూ అదే చేశాను. రెండు కిటికీలకూ, గడపకూ తడి గోనె సంచులు వేలాడదీసి, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి గదంతా కల్లాపి చల్లాను. దుమ్ము భేషుగ్గా అణిగింది. గది బావిలా చల్లబడింది. స్పీకర్లలో మాత్రం పల్లీలు పోయి టపాకాయలు మొదలయ్యాయి.

ఆ ఆదివారమే డాక్టరు గారు బస్సు దిగి నడిచొచ్చారు. గడప దగ్గర తడి గోనె పట్టా మొహానికి తగిలితే తుడుచుకొని లోపలికి వచ్చారు. వెనకాలే నాయన, గడప అవతల అమ్మ. ఆయన నిలబడి చూసి తలూపారు. “గోడకు దూరంగా పెట్టినావే, మంచి పని. వెనక నుంచి గూడా పాట వస్తది గదా, దానికి గాలి ఆడాల. ఇది తెలిసినోళ్ళు తక్కువ.” ముందు రోజు సాయంత్రం కల్లాపి హడావిడిలో వాటిని వెనక్కి నెట్టడం మరిచిపోయాను. పొగడ్త దొరికింది గదా అని నేను చిరునవ్వుతో స్వీకరించాను. “ఏదీ, ఇందాం” అని ఆయనే ఆంప్లిఫయరు బటన్ నొక్కారు.

వేణువు రాలేదు. చిటపటల నడుమ నుంచి హార్మోనియం ఒకటి భోరున లేచింది. దాని వెంట ఒక పౌరాణిక నాటకం పద్యం, గొంతు చించుకొని, రాగం సాగదీసుకుంటూ, గది గోడలు పట్టుకొని ఊపేసింది.

“ఇది నాది కాదు!” అన్నాను. నా పెన్‌డ్రైవ్ బల్ల మీద పడి ఉంది. దాని చోట వేరే ఎర్ర రంగుది ఒకటి గుచ్చి ఉంది. అమ్మ నాయన వైపు చూసింది. నాయన పైకప్పు వైపు చూశాడు.

“మధ్యాన్నం కూటికి మిషను ఆపుతారు గదా,” అన్నాడు చివరికి, నా జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడి. “ఆ గంటసేపు ఊరికే… ఒకసారి చూద్దామని…”

“ఒకసారా!” అంది అమ్మ. “నెల నుంచి అన్నం తట్ట పట్టుకొని పైకి పోతుంటే, పెట్టెలకు గది కొలుచుకుంటుండాడు గామాల అనుకుంటి గదయ్యా నేను!”

“గోడకు అంటించి పెడతాడు వీడు. వెనకమాల పద్యం ఊపిరాడక సస్తాది. అందుకే ముందుకు లాగతాండా. సాయంత్రానికి వీడు మళ్ళా నెడతాడు.”

డాక్టరు గారు నవ్వాపుకుంటూ జేబులోంచి కళ్ళద్దాలు తీసి, స్పీకరు తీగ పీకి, రేకు మీద వేలు రాశారు. వేలు బూడిద రంగుకు తిరిగింది. తడిసి ముద్దయిన పలకపొడి. “ఏం పాఠం చెప్తావు బాబూ నువ్వు?”

“ఫిజిక్స్ సార్.”

“స్థిరవిద్యుత్తు చెప్తావా?”

“చెప్తాను సార్.”

“మొదట ఏం చూపిస్తావు పిల్లలకు?”

ప్లాస్టిక్ దువ్వెనను తలకు రుద్ది కాగితం ముక్కలకు దగ్గరగా పెడితే అవి ఎగిరొచ్చి అంటుకోవడం చూపిస్తాను. ఆ నెలలో మూడు సెక్షన్లకు చూపించాను. సాయంత్రం ఇంటికొచ్చి, అదే పని నా స్పీకర్లు పలకపొడితో చేస్తుంటే చూస్తూ కూర్చున్నాను.

“గొంతు పట్టేసినోన్ని తీసకపోయి బావిలో ముంచినట్టుంది వదినా, మీవోడి వైద్యం” అన్నారు డాక్టరు గారు అమ్మతో. తర్వాత నావైపు తిరిగి, “వీటిని నేను తీసకపోతా బాబూ. ఆరబెట్టి, పొడి దులిపితే బతుకుతాయి. ఈడ ఉంటే బతకవు. ఎడమది మొదటి నుంచీ నీరసంగానే ఉంది, ఆ రోజు చెప్పబోతే నువ్వు ఇనలేదు. మీ నాయన ఒక్కడే కనిపెట్టినాడు” అన్నారు. నేను నేల వైపు చూశాను. నేల కూడా తడిగానే ఉంది. అయిపోయింది, గది పెట్టెల పాలు అనుకున్నాను.

అప్పుడు నాయన గొంతు సవరించుకున్నాడు. “అన్నా, తీసకపోవద్దు. మిషను జరుపుతా.”

ఆ మిషను నేను పుట్టకముందు నుంచీ ఒకే సిమెంటు దిమ్మె మీద ఉంది. దాన్ని కదపాలంటే దిమ్మె పగలగొట్టాలి, కొత్త దిమ్మె పోయాలి, కరెంటు లైను మార్చాలి.

“ఏందీ!” అంది అమ్మ గడప దాటి లోపలికొచ్చి. (కరెంటు దయ్యాల భయం ఆ క్షణంలో ఎటు పోయిందో.) “పాతికేండ్ల నుంచి కూరలో దుమ్ము, కుండలో దుమ్ము, మిషను జరపయ్యా జరపయ్యా అని మొత్తుకుంటే ఇనలేదు గదా! నేను చెప్తే కదలంది హార్మోనియం చెప్తే కదుల్తదా?”

నాయనను డాక్టరు గారే ఆదుకున్నారు. “వదినా, పాతికేండ్లుగా నీ మాట మిషను మోతలో ఇనపడి ఉండదులే. ఇప్పుడు ఇనపడింది.” ఆయనే తీర్పూ చెప్పారు. ఈ జత ఆయన దగ్గర ఆరాలి, ఈలోపల మిషను షెడ్డు వెనక చివరికి పోవాలి. అది పోయాక మళ్ళీ గిద్దలూరు రావాలి. రెండు జతల్లో ఏది కావాలో మళ్ళీ ఎంచుకోవాలి. “ఈ తూరి ఎంచేది నువ్వు కాదు” అని నాతో అన్నారు.

మిషను కదలడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ అమ్మ వంటింట్లో పాటలు పాడుతూ పని చేసుకుంది. తర్వాత ఆదివారం గిద్దలూరులో నేను ట్రాలీ దగ్గరే తాళ్ళు పట్టుకొని నిలబడ్డాను. కిటికీలోంచి కనబడుతోంది. నాయన మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, కళ్ళు మూసుకొని, ఒక్క పద్యం పెద్దవాటి మీద, అదే పద్యం చిన్నవాటి మీద విన్నాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. లేచి, చిన్నవాటి వైపు చెయ్యి చూపించాడు. అంతే. డాక్టరు గారు లోపలికి తిరిగి వాళ్ళావిడతో “పోయినాయి, మంచివే పోయినాయి” అనడం వీధిలోకి వినబడింది. ఆ గొంతులో దిగులెంతో, తన చెవికి సాటి వచ్చే చెవి ఒకటి దొరికిందన్న సంబరమూ అంతే.

లోడుకు పెట్టెలు పేర్చే రోజు రానే వచ్చింది. కాలేజీ నుంచి ఇంటికి పరుగున వచ్చాను. మెట్లెక్కి చూస్తే పైగది కళకళలాడుతూ ఉంది. స్పీకర్లు గోడకు మూడడుగుల దూరంలో, ముందు ఒక కుర్చీ. పెట్టె ఒక్కటి లేదు. సంతోషంగా కిందికొచ్చి నా పడకగది తలుపు తీయబోతే సగమే తెరుచుకుంది. మంచం చుట్టూ, మంచం మీద, మంచం కింద పలకల పెట్టెలు.

“నాయనా, ఏంది ఇది? మరి నేనేడ పడుకోవాల?”

“వసారాలో పడుకో. గాలి బాగా వస్తది.”

“పైగదిలో పడుకుంటా.”

“అక్కడొద్దు. నీ గురకకు తెర అదురుతాది.”

ఇప్పుడు నాకు నలభై దగ్గర పడుతోంది. స్పీకర్లకు ఒకసారి తెరలు మార్పించాం. నాయన షెడ్డు పని తగ్గించుకున్నాడు గాని, మధ్యాహ్నం భోజనం కాగానే మెట్లెక్కడం మానలేదు. నాకు సెలవున్న రోజుల్లో నేనూ వెనకాలే ఎక్కి, లోపలికి పోకుండా పై మెట్టు మీద కూర్చుంటాను. గది నాది, స్పీకర్లు నావి, వినడం మాత్రం ఆయనది. తలుపు దగ్గరగా వేసి ఉంటుంది. హార్మోనియం అందుకుంటుంది, పద్యం లేస్తుంది, రాగం సాగేచోట నాయన కూడా సన్నగా గొంతు కలుపుతాడు. ప్రతిసారీ ఒకేచోట శృతి తప్పుతాడు. ఆ ఇరవై నాలుగేళ్ళ కుర్రాడైతే తలుపు తోసుకొని పోయి సరిదిద్ది వచ్చేవాడు. నేను మాత్రం కాళ్ళు చాపుకొని, గోడకు ఆనుకొని, ఆయన తప్పే చోటు వచ్చేదాకా ఆగుతాను. అది వినకుండా కిందికి దిగబుద్ధి కాదు.